నీరుచొరని గుడ్డసంచి: కుట్టుపనిలో మెలకువలు



వానకాలమున పొలమునకు పోవు రైతు పట్టాదారు పాసుపుస్తకమును, సొసైటీ రసీదులను, విత్తనపు పొట్లమును పైపంచె మడతలో దాచుకొని పోవుట మేము తరచుగ చూచుచున్నాము. ఒక్క జల్లు కురిసిన కాగితములు ముద్దయగును. ఇట్టివారికి నీరుచొరని గుడ్డతో కుట్టిన చేతిసంచి మిక్కిలి యుపయోగకరము. నేతగుడ్డకు సన్నని ప్లాస్టిక్ పొరను వేడితోగాని జిగురుతోగాని అంటించి యీ గుడ్డను చేయుదురు.

అయితే మేము మొదట కుట్టించిన సంచి మమ్ము సిగ్గుపరచినది. గుడ్డ మేలైనదే, దర్జీయు నేర్పరియే. అయినను ఒకనాటి వర్షమున మట్టి నమూనాలకు కట్టిన చీటీలన్నియు సంచిలోనే తడిసి, ఏ మట్టి యెవరి చేనిదో తెలియకపోయెను. మరల ప్రతి రైతు నింటికి పోయి, తప్పు ఒప్పుకొని, మట్టి తీయవలసివచ్చినది. సంచిని తిరగవేసి చూడగా గుడ్డగుండ ఒక్క చుక్కయు రాలేదు. వచ్చినదంతయు సూదిబెజ్జముల దారినే.

ఈ సంగతి మనస్సున నుండగానే హైదరాబాదులోని లాడ్ బజారునకు పోవుట తటస్థించినది. 1591లో కట్టిన చార్మినారునకు పడమరగా సాగిన యీ వీధికి లక్కను బట్టియే పేరు వచ్చినదందురు. అచ్చటి లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పనివాడు లక్కను నిప్పుసెగకు మెత్తబరచి, సన్నగ సాగదీసి, రెండు కొనలను వేడిమీదనే కలిపి గాజు చేయుచుండెను. అతుకెక్కడనో మాకు కనబడలేదు. లక్క నీటికి కరగదు. అతుకునకు బెజ్జము లేదు. మన సంచికి సూది తప్పదు గదా! కావున బెజ్జములను తగ్గించుట, నీరు నిలువని చోట నుంచుట, ఉన్నవానిని మూయుట, ఈ మూడే మనకు మార్గములని మాకప్పుడు తోచినది.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1823లో స్కాట్లండు దేశీయుడగు చార్లెస్ మాకింటాష్ రెండు గుడ్డల నడుమ రబ్బరు పొర నుంచి అతికించు విధానమునకు పేటెంటు పొందెను. ఆ గుడ్డతో దర్జీలు కుట్టిన కోట్లలోనికిని సూదిబెజ్జములగుండ వాన దిగెను.

ఇక పని విధానము. సంచి అడుగున కుట్టు రానీయరాదు. గుడ్డను ఒకే ముక్కగ కత్తిరించి, నడుమ మడచి, ప్రక్కలనే కుట్టవలయును. గుండుసూదులు గ్రుచ్చరాదు; బట్టలారవేయు క్లిప్పులతో అంచులను పట్టి యుంచవలయును. మామూలు గుడ్డలో విప్పిన కుట్టు పూడుకొనును గాని యీ గుడ్డలో పడిన బెజ్జము పూడదు. కావున ముందు తునకమీద కుట్టి చూచుకొనవలయును.

కుట్టు పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లుండుట మంచిది. కుట్లు మరీ దగ్గరగ పడిన తపాలా బిళ్లల వరుసవలె గుడ్డ ఆ గీతవెంట చినుగును. నూలుదారము దీపపు వత్తివలె నీటిని లోనికి పీల్చును. పాలియెస్టరు దారము వాడుడు. ప్లాస్టిక్ వైపు మిషను పాదమునకు అంటుకొని కదలనిచో, పైన పలుచని కాగితమునుంచి కుట్టి, పిదప చించివేయవచ్చును. ఇస్త్రీపెట్టెను ప్లాస్టిక్ పొరకు నేరుగ తగిలించిన పొర కరగును.

కుట్టిన పిమ్మట లోపలివైపున కుట్టు పొడవునను నీటికి చెడని జిగురును పలుచగ రాచి, బాగుగ ఆరనీయవలయును. కొన్ని జిగురులు ప్లాస్టిక్‌ను తినివేయును గనుక దానినిగూడ తునకమీద పరీక్షింపుడు. సంచి నోటికి జిప్పు కుట్టుటకంటె, నోటిని పొడవుగ నుంచి, రెండు మూడు మడతలు చుట్టి త్రాటితో కట్టుట మేలు. తుదకు సంచిలో నీరుపోసి అరగంటసేపు వ్రేలాడదీయుడు. ఎచ్చట చెమర్చునో అచ్చట మరల జిగురు రాయుడు.

ఒక హెచ్చరిక. నీటిని లోనికి రానీయని సంచి లోని తేమను బయటికి పోనీయదు. సాధారణపు సంచిలో నుంచు ధాన్యపు విత్తనమున తేమ నూటికి 13 పాళ్లవరకు ఉండవచ్చును. ఆవిరి చొరని సంచిలో 8 పాళ్లు మించరాదని మన దేశపు విత్తన ధ్రువీకరణ నియమము. కావున మన సంచి విత్తనమును పొలమునకు కొనిపోవుటకే గాని నిలువచేయుటకు కాదు. పురుగుమందు వచ్చిన సంచులను ఎంత కడిగినను ఇట్టి పనికి వాడరాదు.

రెండవమారు కుట్టించిన సంచిలో మా చీటీలు పొడిగనే యున్నవి. ఇంటనున్న కుట్టుమిషనుతోనే స్త్రీలు దీనిని కుట్టవచ్చును. కుట్టి చూచినవారు తమ యనుభవమును ఈ పత్రికకు వ్రాయ ప్రార్థన.