మీకు తెలుసా? యుద్ధం తుని దాకా వచ్చిన దారులు

తునికి ఇటు కాకినాడ, అటు విశాఖపట్నం. ఈ రెండు ఊళ్ల మీదా ఒకే రోజున బాంబులు పడ్డాయని మీకు తెలుసా?

అది 1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ నౌకాదళానికి చెందిన ర్యూజో అనే విమానవాహక నౌక మీది నుంచి లేచిన విమానాలు విశాఖ రేవునూ, అక్కడి పవర్‌హౌస్‌నూ కొట్టాయి. కాకినాడ రేవునూ వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత ప్రధాన భూభాగం మీద మొట్టమొదట పడిన బాంబులు ఇవే. అడ్మిరల్ ఓజావా నడిపిన ఆ దళం ఆ వారంలోనే బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలను ముంచేసింది. మన తీరం ఎదుటి సముద్రంలోనే ఇదంతా జరిగింది.

బాంబుల వల్ల చనిపోయినవాళ్లు కొద్దిమందే. కానీ ఊళ్లు ఊళ్లే కదిలిపోయాయి. చేతికందిన పెట్టే బేడా బండి మీద వేసుకుని, పిల్లల్నీ ముసలివాళ్లనీ ఎక్కించుకుని, సముద్రానికి దూరంగా ఎక్కడ చుట్టాలుంటే అక్కడికి పోయారు. యూనివర్సిటీకే ఊరు విడవక తప్పలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆ ఏడాది వాల్తేరు నుంచి గుంటూరుకు తరలింది. భవనాలు సైన్యం చేతిలోకి వెళ్లాయి. చదువు తిరిగి వాల్తేరు చేరింది యుద్ధం ముగిశాకే.

ఒక మాట చెప్పాలి. యుద్ధమంటే మనం ఎంతమంది చచ్చారు, ఎవరు గెలిచారు అని అడుగుతాం. ఎంతమంది ఇల్లు కదిలారు, ఎంతమంది బడి మానేశారు, ఎవరి గంజి పలచనైంది అని అడగం. ఈ వారం ఆ లెక్కలే చూద్దాం.

రంగూన్ రేవులో మనవాళ్లు

కాకినాడ బాంబుల కన్నా గోదావరి జిల్లాల్ని లోతుగా గాయపరిచింది బర్మా. విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల నుంచి కూలి కోసం స్టీమరెక్కి రంగూన్ పోవడం తరాల అలవాటు. మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇస్తాడు, ఆ అప్పు తీరేదాకా అక్కడ పని చేయాలి. రేవులో మూటలు మోసిందీ, బియ్యం మిల్లుల్లో ధాన్యం ఆడించిందీ, రిక్షాలు లాగిందీ, వీధులూ మరుగుదొడ్లూ శుభ్రం చేసిందీ చాలావరకు తెలుగువాళ్లే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే ఉన్నారు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద పడ్డాయి. రేవు దగ్గరా, బజార్లలోనూ తలెత్తి చూస్తూ నిలబడ్డ కూలీలు వందల్లో పోయారు. మిగిలినవాళ్లు ఉత్తరాన ప్రోముకు పోయే రోడ్డు పట్టారు. వాళ్లు పోవడంతో ఓడల్లో సరుకు దింపే దిక్కు లేకుండా పోయింది, వీధుల్లో చెత్త ఎత్తే చేయి లేదు. అంత పెద్ద నగరం ఎవరి భుజాల మీద నడుస్తోందో దొరలకు అప్పుడు తెలిసింది. నచ్చజెప్పీ, దారి కట్టేసీ కొందరిని వెనక్కి తెచ్చారు. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ వశమయ్యేసరికి ఎవరినీ ఆపే పరిస్థితి లేదు.

డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్లకు ఓడలో చోటు దొరికింది, కొందరికి విమానమూ దొరికింది. కూలీలు నడిచారు. కొందరు అరకాన్ కొండలు దాటి అక్యాబ్ వైపు, ఇంకొందరు తము మీదుగా మణిపూర్, దిమాపూర్ వైపు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. ఆ పైన వానలు. ఆ అడవి దారుల్లో కూడా తెల్లవాళ్లకూ, నల్లవాళ్లకూ వేరు వేరు బాటలు పెట్టారన్నది దేశమంతా గొడవైంది. నాలుగైదు లక్షల మంది బయటపడ్డారని అంచనా. దారిలోనే రాలిపోయినవాళ్లు వేలల్లో. వాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. ఏ ఊళ్లో ఏ ఇంట్లో ఎవరి కోసం ఎన్నేళ్లు ఎదురుచూశారో చెప్పే రాయి ఒక్కటైనా మన తీరంలో ఉండాల్సింది అనిపిస్తుంది.

బియ్యం కార్డు పుట్టిల్లు

మన వంటింట్లో బియ్యం కార్డు ఉంది కదా, అదీ యుద్ధం బిడ్డే. బర్మా పోవడంతో బర్మా బియ్యమూ ఆగిపోయింది. మద్రాసు రాష్ట్రం తన పంటతో తాను గడుపుకోలేక ఏటా బర్మా బియ్యం దింపుకునేది. బెంగాల్‌కూ అక్కడి నుంచి కొంత బియ్యం వచ్చేది. 1943 కరువులో బెంగాల్‌లో 30 లక్షల మంది దాకా పోయారు. అక్కడ బియ్యం పూర్తిగా లేక కాదు. సైన్యం కొనుగోళ్లు, సరుకు దాచిన వ్యాపారులు, తీరంలో పడవల్ని గుంజుకున్న ప్రభుత్వం, ఆకాశానికంటిన ధర: ఇన్ని కలిసి పేదవాడి కంచం ఖాళీ చేశాయి.

మద్రాసు నగరంలో రేషన్ 1943లోనే మొదలైంది. కార్డు చూపించాలి, మనిషికింత అని కొలిచి ఇస్తారు. బియ్యమే కాదు, గుడ్డకూ కిరసనాయిలుకూ కూడా కట్టడి వచ్చింది. కాటన్ దొర ఆనకట్ట పుణ్యమా అని గోదావరి డెల్టా మిగులు పంట పండించే సీమ. అలాంటి చోట కూడా యుద్ధం రెండు ముఖాలతో కనిపించింది. గాదెలో ధాన్యం ఉన్న రైతుకు ధర పెరిగితే నాలుగు డబ్బులు. ఆ పొలంలోనే ఊడ్చి, కోసి, సాయంత్రం శేరు బియ్యం కొనుక్కునే కూలికి అదే ధర పస్తు. యుద్ధం అందర్నీ సమానంగా బాధిస్తుందన్న మాట నేను నమ్మను. కాకినాడలోనైనా, రంగూన్‌లోనైనా అది ముందు తట్టేది రోజుకూలి తలుపే. యుద్ధం ముగిసి ఎనిమిది దశాబ్దాలు దాటినా కంట్రోలు బియ్యం మాత్రం మన మధ్యనే ఉన్నాయి.

నూనె ప్యాకెట్, పొటాష్ బస్తా

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లింది. వారాల్లోనే తుని కిరాణా కొట్లో పొద్దుతిరుగుడు నూనె లీటరు ప్యాకెట్ 200 రూపాయల దరిదాపులకు చేరింది. కారణం సులువు. అప్పట్లో మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో దాదాపు 70 శాతం ఉక్రెయిన్‌ నుంచే వచ్చేది. నల్లసముద్రం రేవులు మూతపడ్డాయి. ఆ ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా తన పామాయిల్ ఎగుమతుల్ని కూడా కొన్ని వారాలు ఆపేసింది.

అదే సమయంలో పెదవేగి, జంగారెడ్డిగూడెం వైపు ఆయిల్‌పామ్ తోటల్లో టన్ను గెలల ధర 20 వేలు దాటింది. ఆ రైతులు అంతకు ముందెన్నడూ చూడని ధర అది. మరుసటి ఏడాదికి బాగా దిగిపోయింది. ఇక పొటాష్ సంగతి. ఆ ఎరువు మనకు దాదాపు మొత్తం బయటి నుంచే రావాలి. రష్యా, బెలారుస్‌ల మీద ఆంక్షలు పడేసరికి 50 కిలోల బస్తా 1,700 రూపాయల దాకా పోయింది. కోనసీమ కొబ్బరికీ అరటికీ పొటాష్ లేనిదే కాయ నిండదు. మన రైతుకు ఆ యుద్ధంలో ఏ పక్షమూ లేదు, అయినా కప్పం మాత్రం కట్టాడు.

వైద్యం చదువుకోను పోయిన మన పిల్లలు ఖార్కివ్, కీవ్ నగరాల్లో మెట్రో స్టేషన్లలోనూ బంకర్లలోనూ రాత్రిళ్లు గడిపారు. ఆపరేషన్ గంగలో భాగంగా పోలండ్, రుమేనియా, హంగరీ సరిహద్దులు దాటించి 20 వేల మందికి పైగా భారతీయుల్ని ఇళ్లకు చేర్చారు. సగంలో ఆగిన చదువు ఎలా పూర్తి చేయాలన్నది ఆ తల్లిదండ్రులకు మరో పోరాటమైంది.

ఎర్రసముద్రంలో మన రొయ్య

చెరువు గట్టు మీద బేరం కౌంట్‌లోనే నడుస్తుంది. కిలోకు 30 రొయ్యలు తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. అంకె తగ్గేకొద్దీ ధర ఎక్కువ. ఆ ధరను ఎక్కడో యెమెన్ తీరంలో పేలిన డ్రోన్ కూడా నిర్ణయిస్తుందని రైతుకు 2023 చివర్లో తెలిసింది. యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీల దాడులకు భయపడి ఓడలు సూయజ్ కాలువ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. పది రోజులకు పైనే అదనపు ప్రయాణం, కంటైనర్ కిరాయి, బీమా ఖర్చు. ఎగుమతిదారు తన భారం కొనుగోలు ధరలో తగ్గించుకుంటాడు. రైతు ఎవరి మీద తగ్గించుకోవాలి? మేత కట్ట ధర తగ్గదు, కరెంటు బిల్లు తగ్గదు.

సైనికుల ఊరు

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. అందరూ మిలటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఆ ఊరివాళ్లు పోరాడారు, ఇంటికొకరైనా సైన్యంలో పనిచేసినవాళ్లుంటారని పేరు. మేజర్, కెప్టెన్ అని పిల్లలకు పేర్లు పెట్టుకున్న ఇళ్లూ ఉన్నాయి. ఊళ్లో అమరవీరుల స్మారకం ఉంది. ఆ ఊరి ఆడవాళ్ల కథ వేరే రాయాలి. మొగుడు సరిహద్దులో ఉంటే పొలం, పిల్లలు, అత్తమామలు, బ్యాంకు పనులు, అన్నీ ఒంటి చేత్తో నడిపింది వాళ్లే. పతకాలు ఇచ్చేచోట ఆ పని ఎవరికీ గుర్తు రాదు.

తాడేపల్లిగూడెంలోనే రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే కూడా ఉంది. గన్నవరం విమానాశ్రయం మొదలైందీ ఆ యుద్ధంలో సైనిక స్థావరంగానే.

గాజీ, చీకటి రాత్రులు

1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు ముంగిట పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ 90 మందికి పైగా నావికులతో సహా మునిగిపోయింది. దాని ఆనవాళ్లు ముందు దొరికింది మన మత్స్యకారులకే. నీళ్ల మీద తేలుతున్న లైఫ్ జాకెట్లు తెచ్చి నేవీకి ఇచ్చారు. ఆ రోజుల్లో సైరన్ మోగితే దీపాలు ఆర్పేసేవారు, కిటికీ అద్దాలకు నల్ల కాగితం అతికించేవారు, లారీల హెడ్‌లైట్లకు సగం దాకా నల్లరంగు పూసేవారు. 2025 మే 7న పాకిస్తాన్‌లోని ఉగ్రవాద స్థావరాల మీద ఆపరేషన్ సిందూర్ మొదలైన రోజే విశాఖలో మళ్లీ సైరన్లు మోగించి దీపాలార్పే మాక్ డ్రిల్ చేశారు.

విశాఖకు దక్షిణంగా 50 కిలోమీటర్ల దూరంలో రాంబిల్లి దగ్గర పెద్ద నౌకా స్థావరం కడుతున్నారు. దేశ రక్షణకు అది అవసరమే. దాని చుట్టుపక్కల వేట మీద బతికే ఊళ్లు సముద్రంలోకి పడవ దించే దారి కోసం ఆందోళన చేయడమూ న్యాయమే.

బాంబు కన్నా ముందొచ్చేది

1942 ఏప్రిల్‌లో జపాన్ దండు దిగబోతోందన్న కబురుతో మద్రాసు ఖాళీ అయింది. ప్రభుత్వ ఆఫీసులు లోపలి ఊళ్లకు తరలాయి. బాంబు పడితే బోన్లు విరిగి జంతువులు ఊరి మీద పడతాయన్న భయంతో జూలో క్రూరమృగాలను కాల్చి చంపేశారు. అది పుకారే. వస్తుందన్న దండు రానేలేదు. కాల్చిన సింహాలు తిరిగి రాలేదు.

ఈ కాలంలో పుకారు ఫోన్‌లోనే వచ్చేస్తుంది. 2025 మేలో వాట్సాప్‌లో తిరిగిన యుద్ధం వీడియోల్లో కొన్ని వీడియో గేమ్ దృశ్యాలని ప్రభుత్వ ఫ్యాక్ట్‌చెక్ విభాగం పదే పదే చెప్పాల్సి వచ్చింది. అదే సమయంలో శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు, అగ్నివీర్ మురళీనాయక్ సరిహద్దులో ప్రాణం ఇచ్చాడు. నిజమైన యుద్ధం ఆ తండాలోని తల్లిదండ్రుల గుమ్మంలోకి వచ్చింది. మిగతా మనమంతా ఫోన్లలో దాన్ని ఆటలా చూశాం. వచ్చిన వీడియోను ముందుకు తోసే ముందు ఒక్క క్షణం ఆగడం మన చేతిలో ఉన్న పని.

కువైట్ నుంచి

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు అక్కడి ఇళ్లల్లో వంటపనీ, పిల్లల పనీ చేస్తున్నవాళ్లలో గోదావరి జిల్లాల, కడప జిల్లా ఆడవాళ్లు ఉన్నారు. చాలామంది పాస్‌పోర్టులు యజమానుల దగ్గరే. జీతం రాలేదు, చేతిలో ఉన్న దినార్లకు విలువ లేదు. ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరితే అక్కడి నుంచి విమానం. రెండు నెలల్లో లక్షా డెబ్బై వేలకు పైగా భారతీయుల్ని వెనక్కి తెచ్చారు. పౌరుల్ని విమానాల్లో తరలించడంలో ప్రపంచంలోనే అంత పెద్ద పని అంతకు ముందు జరగలేదు.

ఆ తర్వాతి సంగతి చాలామందికి తెలియదు. కువైట్ వదిలి రావాల్సి వచ్చిన కూలీలకు కూడా పరిహారం అందింది. ఐక్యరాజ్యసమితి ఒక పరిహార సంఘం పెట్టి, ఇరాక్ అమ్ముకున్న నూరు రూపాయల చమురులో కొంత భాగం తీసి, నష్టపోయినవాళ్లకు పంచింది. పెద్ద కంపెనీల కన్నా ముందు మామూలు మనుషుల దరఖాస్తులే తేల్చారు. భారతీయులకూ డబ్బు వచ్చింది. అన్ని దేశాలవాళ్లకూ కలిపి పంచింది మొత్తం 52.4 బిలియన్ డాలర్లు. ఆఖరి వాయిదా ఇరాక్ కట్టింది 2022 జనవరిలో, అంటే దండెత్తిన ముప్పై ఒక్కేళ్లకు. యుద్ధం చేసినవాడి చేత కూలి నష్టం కట్టించిన సందర్భాలు చరిత్రలో బహు తక్కువ.

ఇప్పటికీ కోనసీమ నుంచి, మన మెట్ట ఊళ్ల నుంచి కువైట్, ఒమన్, దుబాయ్ పోతూనే ఉన్నారు. పోయేవాళ్లు ఈ పనులు చేసి పోవాలి. లైసెన్సున్న ఏజెంటేనా అని ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి. ప్రవాసీ భారతీయ బీమా యోజన తీసుకోవాలి. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోయినా శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల బీమా. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు ఒక జత ఇంట్లో తల్లి దగ్గరో భర్త దగ్గరో ఉంచాలి. అక్కడ దిగగానే భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. తరలింపు విమానం వచ్చిన రోజున ఆ జాబితాలో పేరున్నవాళ్లను వెతకడం తేలిక.