చుట్లు లెక్కపెట్టి గేటు తీసే స్విచ్చి

పావు మైలు. అంటే 402 మీటర్లు. మన ఊళ్లలో బస్టాండు నుంచి సినిమా హాలు దాకా ఉండేంత దూరం. ఆ కాస్త దూరాన్ని ఎవరు ముందు దాటుతారో తేల్చుకోవడానికి రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పచ్చదీపం వెలగగానే దూకుతాయి. అమెరికాలో డ్రాగ్ రేసు అంటే ఇదే. ఒకప్పుడు వీధుల్లో సాగిన ఈ పందేలకు ఓ పద్ధతి తేవాలని వాలీ పార్క్స్ అనే ఆయన 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. 1953లో కాలిఫోర్నియాలోని పొమోనాలో ఆ సంస్థ తొలి పోటీ జరిగింది.

ఈ పందేలకు పేరుమోసిన వారే కాదు, మెకానిక్కులు, చిన్న ఉద్యోగులు కూడా సొంత కార్లతో వస్తారు. ఆదివారం పందెంలో దిగిన కారే సోమవారం ఆఫీసుకు వెళ్లాలి. అలాంటి కార్లలో కొన్నింటి డిక్కీ తెరిస్తే లోపల పట్టీలతో బిగించిన గ్యాస్ బండ ఒకటి కనిపిస్తుంది. అందులో ఉండేది నైట్రస్ ఆక్సైడ్. బలం ఇచ్చేది ఆ గ్యాసే. కాని ఇంజను బతికి బయటపడుతుందా లేదా అనేది తేల్చేది అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన ఒక స్విచ్చి!

నవ్వించే గ్యాసే పరుగెత్తిస్తుంది

నైట్రస్ ఆక్సైడ్ కొత్త సరుకేమీ కాదు. 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ దీన్ని తయారు చేశాడు. పీలిస్తే నవ్వు వస్తుందని హంఫ్రీ డేవీ గమనించాడు. అందుకే 'లాఫింగ్ గ్యాస్' అనే పేరు నిలిచింది. 1844లో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నొప్పి తెలియకుండా పన్ను తీయడానికి దీన్ని వాడాడు. ఆపరేషన్ థియేటర్లలో మత్తు ఇచ్చేటప్పుడు ఉపయోగించేదీ ఇదే. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్లు, గాలి పలచబడే ఎత్తుల్లో విమానాల ఇంజన్లు నీరసించకుండా దీన్ని వాడుకున్నారు. 1978లో కాలిఫోర్నియాలో నైట్రస్ ఆక్సైడ్ సిస్టమ్స్ అనే సంస్థ మొదలయ్యాక మామూలు కార్లవారికీ ఇది అందుబాటులోకి వచ్చింది.

ఈ గ్యాసు తనంతట తాను మండదు. మంటకు సాయం చేస్తుంది. మనం పీల్చే గాలిలో బరువు లెక్కన ఆక్సిజన్ 23 శాతం. నైట్రస్‌లో 36 శాతం. ఇంజను లోపలి వేడికి ఈ గ్యాసు విడిపోయి ఆక్సిజన్ బయటపడుతుంది. దానికి తగినట్టు అదనంగా పెట్రోలు పోస్తే మంట పెద్దదవుతుంది. మామూలు కార్లకు అమర్చే పరికరాలతో 50 నుంచి 150 హార్స్ పవర్ దాకా అదనంగా వస్తుంది.

చిక్కంతా లెక్కలోనే

బండలో ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 900 నుంచి 1000 పౌండ్లు. కారు టైరులో ఉండేది ముప్ఫై పౌండ్లే. వాల్వు తెరిస్తే గ్యాసు దాదాపు ఒకే ఉరవడితో వస్తుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నదా, వేగంగా తిరుగుతున్నదా అని అది చూడదు.

ఎనిమిది సిలిండర్ల ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరిగేటప్పుడు సెకనుకు 400 సార్లు మంట అంటుకుంటుంది. 1500 చుట్ల వద్ద 100 సార్లే. సెకనుకు వచ్చే గ్యాసు మాత్రం అంతే. అంటే 1500 చుట్ల వద్ద ఒక్కొక్క గుక్కలో నాలుగింతల గ్యాసు పడుతుంది. గానుగ నెమ్మదించినప్పుడు చెరకు గడలు నాలుగింతలు దూర్చినట్టే. గానుగైతే ఇరుక్కుని ఆగిపోతుంది. ఇంజనులోనైతే పిస్టన్ పగులుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, లోపలికి పోవలసిన మిశ్రమం గొట్టంలోనే అంటుకుని పేలుతుంది.

పైన మరో గండం ఉంది. ఇంజను మరీ వేగంగా తిరిగి పాడవకుండా చాలా కార్లలో చుట్లకు ఒక హద్దు పెడతారు. హద్దు తాకగానే నిప్పురవ్వ గాని, పెట్రోలు గాని ఆగిపోతుంది. ఆ క్షణంలో నైట్రస్ ఆగకపోతే? రవ్వ ఆగితే కాలని మిశ్రమం పోగై ఒక్కసారిగా పేలుతుంది. పెట్రోలు ఆగితే ఉత్త ఆక్సిజన్‌తో వేడి పెరిగి పిస్టన్ కరుగుతుంది.

నాలుగు తాళాల గేటు

కాబట్టి కింద ఒక హద్దు, పైన ఒక హద్దు కావాలి. ఈ రెండింటినీ చూసేదే చుట్ల స్విచ్చి. అక్కడి వారు దీన్ని 'విండో స్విచ్చి' అంటారు. కింది హద్దు సాధారణంగా 3000 చుట్ల దగ్గర, పై హద్దు ఇంజను సొంత హద్దుకు రెండు మూడు వందల చుట్లు తక్కువగా పెడతారు. ఆ నడుమ మాత్రమే కిటికీ తెరిచి ఉంటుంది. మన రైతులు నీళ్లు తోడే ఆయిల్ ఇంజనుకు గవర్నరు ఎలాంటిదో, ఈ గ్యాసుకు ఇది అలాంటిది.

అయితే ఈ స్విచ్చి ఒక్కటే చాలదు. డ్రైవరు ముందుండే మీట మొదటి తాళం. ఆక్సిలరేటరు పూర్తిగా నొక్కినప్పుడే తగిలే చిన్న స్విచ్చి రెండోది. చుట్ల స్విచ్చి మూడోది. అదనపు పెట్రోలుకు తగిన ఒత్తిడి ఉంటేనే కలిసే స్విచ్చి నాలుగోది. ఈ నాలుగింటినీ ఒకే వైరు మీద వరసగా కలుపుతారు. ఏ ఒక్కటి ఒప్పుకోకపోయినా కరెంటు ముందుకు పోదు.

ఈ సన్న కరెంటు తిన్నగా వాల్వులకు పోదు. గ్యాసుకు ఒకటి, పెట్రోలుకు ఒకటి ఉండే సోలినాయిడ్ వాల్వులు గట్టి కరెంటును లాగుతాయి. అది చుట్ల స్విచ్చి గుండా పోతే స్విచ్చి మాడిపోతుంది. అందుకే మధ్యలో రిలే పెడతారు. రిలే మీద 30 అంకె ఉన్న కాలుకు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే లావు వైరు, 87కు వాల్వుల వైరు, 85, 86కు స్విచ్చిల సన్న వైరు తగిలిస్తారు. చిన్న కరెంటు సైగ చేస్తుంది, పెద్ద కరెంటు పని చేస్తుంది.

ఒక్క అంకె తప్పితే

చుట్ల స్విచ్చికి ఇంజను వేగం ఎలా తెలుస్తుంది? మంట అంటించే ప్రతి సైగనూ అది లెక్కపెడుతుంది. ఎనిమిది సిలిండర్ల ఇంజనులో చుట్టుకు నాలుగు సైగలు, నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండు. కనుక ఇంజనుకు ఎన్ని సిలిండర్లో స్విచ్చికి ముందే చెప్పాలి. ఎనిమిది సిలిండర్ల కారులో స్విచ్చిని నాలుగు మీద ఉంచారనుకోండి. ఇంజను 1500 చుట్లు తిరుగుతుంటే స్విచ్చి 3000 అనుకుంటుంది, గేటు తీస్తుంది. నాలుగింతల గుక్క సరిగ్గా అక్కడే పడుతుంది! కాపలావాడే దొంగకు తలుపు తీసినట్టు.

సైగ మోసే వైరును స్పార్కు ప్లగ్గుల వైర్ల పక్కన పోనిచ్చినా ఇలాంటి తప్పే జరుగుతుంది. ఆ వైర్ల అలజడి దీనిలోకి చేరి లెక్క చెడుతుంది. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు కూడా పనికిరావు. ఇంజను అదురుకు అవి వదులవుతాయి.

పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. అనుభవం లేనివారు గ్యాస్ బండ మూసి, స్విచ్చి నొక్కి 'క్లిక్' శబ్దం వచ్చిందని సంతోషిస్తారు. గ్యాసు రాలేదు సరే, పెట్రోలు వాల్వు కూడా తెరుచుకున్నదని మరచిపోతారు. పోసిన పెట్రోలు గొట్టంలో నిలిచి, మళ్లీ స్టార్టు చేసినప్పుడు భగ్గుమంటుంది. పెట్రోలు వాల్వు వైరు ఊడదీసి పరీక్షించడమే పద్ధతి.

మన ఎండలకు...

ఈ గ్యాసు 36 డిగ్రీల సెల్సియస్ దాటితే ఎంత ఒత్తిడిలో ఉన్నా ద్రవంగా నిలవదు. ఒత్తిడి వేగంగా పెరుగుతుంది. మితి మీరితే బండకు ఉండే రక్షణ బిళ్ల చిట్లి గ్యాసంతా బయటకు పోతుంది. మే నెలలో రెంటచింతల ఎండ తెలిసిన వారికి, మూసిన డిక్కీలో ఈ బండ ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

చట్టమూ అడ్డే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే స్పష్టం చేసింది. సినిమాలు చూసి మోజుపడే కుర్రాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఈ విద్యకు చోటు పందెం బాటే గాని రోడ్డు కాదు.

సినిమాలో హీరో ఎర్ర మీట నొక్కుతాడు, కారు రివ్వున పోతుంది. ఆ మీట వెనుక ఉన్న మూడు తాళాలు తెరమీద కనిపించవు. బాట మీద మాత్రం తేడా తెలిసిపోతుంది. ఆదివారం కప్పు ఎవరు పట్టుకెళ్లినా, సోమవారం ఉదయం అదే కారులో ఆఫీసుకు వెళ్లగలిగినవాడే నిజంగా గెలిచినట్టు.