కుదుపులోంచి గురుత్వాన్ని ఏరడం

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నకొద్దీ మన బరువు తగ్గుతుంది. ఎత్తు మీటరు పెరిగితే గురుత్వం సుమారు 0.3 మిల్లీగాల్ (త్వరణాన్ని కొలిచే చిన్న ప్రమాణం) పడిపోతుంది. కాళ్ల కింద చేరిన కొండరాయి అందులో కొంత తిరిగిస్తుంది. తీరం నుంచి 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరేసరికి నికరంగా తగ్గేది పదివేలలో సుమారు రెండు వంతులు.

నేల మీద ఉంచిన గ్రావిమీటరుకు (గురుత్వాన్ని కొలిచే పరికరం) ఇది పట్టడం తేలికే. ఎత్తు, కొండరాయి వంతులు తీసేశాక తూర్పు కనుమల్లో గురుత్వం పక్కనున్న బస్తర్ వైపు కంటే ఎక్కువని తేల్చినవి అలాంటి కొలతలే. కానీ చోటుచోటా ఆగాలి. దారిలేని లోయల్లో అది నెలల పని. అందుకే విమానం.

చిక్కంతా విమానంతోనే. దాని కుదుపేదో, గురుత్వమేదో ఒంటరి త్వరణమాపకం చెప్పలేదు. ఓడలో మరీ అన్యాయం: అల ఎత్తి దించే త్వరణం లక్ష మిల్లీగాల్ దాకా పోవచ్చు, మనం వెతికేది ఒకటో రెండో.

ఘాట్ బస్సు మలుపు తిరిగితే పక్కపక్కన నిలబడ్డ ఇద్దరూ ఒకే వైపు తూలతారు. ఒకరి తూలులోంచి మరొకరిది తీసేస్తే మిగిలేది సున్నా. గ్రావిటీ గ్రేడియోమీటర్ చేసేదీ ఈ తీసివేతే. చిన్న చక్రం మీద నాలుగు త్వరణమాపకాలను ఎదురెదురుగా బిగిస్తారు. వాహనం కుదుపు అన్నిటికీ ఒకటే కనుక కొట్టుకుపోతుంది, చోటును బట్టి గురుత్వంలో వచ్చే తేడా మిగులుతుంది. చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే ఆ తేడా చుట్టుకు రెండుసార్లు ఊగుతుంది, రొదలోంచి దాన్ని ఏరుకోవచ్చు. నాలుగూ అచ్చంగా ఒకేలా స్పందించాలి, అసలు కష్టం అదే.

మీటరు దూరంలో గురుత్వం వెయ్యి కోట్లలో ఒక వంతు మారితే ఆ తేడా ఒక ఈట్వష్. 1901లో గడ్డకట్టిన బాలటన్ సరస్సు మీద మెలితిరిగే తూనికతో ఈ తేడాలు కొలిచిన హంగరీ శాస్త్రవేత్త పేరది. చక్రం పద్ధతి అమెరికా జలాంతర్గాముల కోసం పుట్టి, 1990లలో మెక్సికో సింధుశాఖలో చమురు వెతికే ఓడలకు, 1999లో ఫాల్కన్ పేరుతో విమానానికి ఎక్కింది.

అరకు మీద ఎగిరితే? గురుత్వం దూరపు వర్గంతో తగ్గితే, గ్రేడియంట్ (చోటును బట్టి గురుత్వంలో వచ్చే ఆ తేడా) ఘనంతో తగ్గుతుంది. దగ్గరిదే గట్టిగా వినబడుతుంది, అంటే ముందు కొండల ఆకారమే. గాలికొండ నెత్తిన బాక్సైట్ పొర కింది ఖోండలైట్ రాయి కంటే తేలికే, గుల్లగా ఉంటుంది. కానీ పలుచని పొర జాడ ప్రధానంగా దాని అంచుల్లోనే కనిపిస్తుంది, ఆ అంచులో కొండ వాలూ ఉంటుంది. లేజరుతో నేల ఆకారాన్ని ముందే కొలిచి ఆ వంతు తీసేయకపోతే ఆ పటాన్ని నేను నమ్మను. పదుల కిలోమీటర్ల లోతున కనుమల కింద ఏముందన్న ప్రశ్నకైతే నేల మీద ఆగి ఆగి కొలిచే పాత గ్రావిమీటరే మేలు.