ఏడీహెచ్‌డీ: మారుతూ వచ్చిన కొలతలు

కొన్నేళ్ల క్రితం, ఇంకో ఊళ్లో, నా 6వ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. అల్లరి చేసేది కాదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. హోంవర్కు సగంలో ఆగిపోయేది, పెన్సిళ్లు పోగొట్టుకునేది. ఆమె నోటుబుక్కులో 'శ్రద్ధ లేదు' అని ఎర్ర సిరాతో రాసింది నేనే. తర్వాత డాక్టరుగారు ఆమెకు ఏడీహెచ్‌డీ ఉందని తేల్చారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ మాట వింటే బల్లలెక్కి గెంతే అబ్బాయే నా కళ్ల ముందు మెదిలేవాడు.

ఒకప్పుడు వైద్యులూ అలాగే అనుకున్నారు. ఏ మానసిక సమస్యను ఏ లక్షణాలతో గుర్తించాలో చెప్పే డీఎస్ఎం అనే పుస్తకాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం ప్రచురిస్తుంది. 1968 నాటి కూర్పులో దీని పేరులోనే పిల్లల అతిచలనం ఉంది. 1980లో ధ్యాస నిలవకపోవడమే అసలు సంగతి అన్నారు; గెంతులు లేకపోయినా ఈ సమస్య ఉండవచ్చని ఒప్పుకున్నారు. 1987లో ఏడీహెచ్‌డీ అన్న పేరు వచ్చింది. కానీ లక్షణాలన్నీ ఒకే జాబితాలో కలిపేసి, 14లో 8 ఉండాలన్నారు. కిటికీ పక్క పిల్లలు మళ్లీ వెనకబడ్డారు. 1994లో జాబితాను రెండుగా విడదీశారు: ధ్యాసకు సంబంధించినవి 9, అతిచలనం, తొందరపాటుకు సంబంధించినవి 9. ఏ ఒక్క దానిలో 6 ఉన్నా లెక్కే.

అప్పటిదాకా కొన్ని లక్షణాలైనా 7 ఏళ్లలోపే కనిపించాలనే షరతు ఉండేది. 2013లో దాన్ని 12 ఏళ్లు చేశారు. నాకు ఇది సబబుగా తోస్తుంది. చిన్న తరగతులు ఎలాగో నెట్టుకొచ్చినవాళ్లకు, పాఠాలు బరువెక్కాకే ఇబ్బంది బయటపడుతుంది కదా! 17 ఏళ్లు నిండినవాళ్లకు 5 లక్షణాలు చాలన్నారు.

బదిలీల మీద తిరిగే మన పిల్లలకు ఇంకో రెండు షరతులు ముఖ్యం. లక్షణాలు కనీసం 6 నెలలు ఉండాలి. ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపించాలి. నాన్నగారికి బదిలీ అయి, సగం ఏడాదిలో కొత్త బడికొచ్చి, నెలా రెండు నెలలు పాఠం తలకెక్కకపోతే, అదొక్కటే చూసి ఏడీహెచ్‌డీ అనరు. దీనికి తిరగేసిన చిక్కూ ఉంది. ప్రతి బళ్లోనూ "కొత్త కదా, సర్దుకుంటుందిలే" అంటాం. సర్దుకుందో లేదో చూసేలోపు మళ్లీ సామాను లారీ ఎక్కుతుంది.

ఆ అమ్మాయి తల్లి మాత్రం పాత ప్రోగ్రెస్ కార్డులన్నీ ఒక ఫైలులో దాచారు. డాక్టరుగారు అడిగిందీ వాటినే. 2వ తరగతి నుంచి నాలుగు ఊళ్లు, నలుగురు టీచర్లు. అందరిదీ ఇంచుమించు ఒకటే మాట: తెలివైనదే, ధ్యాస ఉండదు. ఐదోది నా ఎర్ర సిరా.