మూతపడిన సినిమాహాలు: దాని పుట్టుక, జీవనం, క్షయం

తరగతిలో ఒకనాడు ‘టాకీసు’ అన్న మాట రాగా, దాని అర్థమేమని విద్యార్థులు మమ్ములను ప్రశ్నించారు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాల నుండి వచ్చిన వారిలో పలువురు మూతపడిన హాలు గోడలను చూచినవారే గాని, లోపల సాగిన వ్యవహారం ఎరుగనివారు. ‘జనం రావడం మానినందున మూతపడింది’ అని ఒక విద్యార్థి చెప్పాడు. ఆ సమాధానంలో సగమే సత్యమున్నది. తక్కిన సగాన్ని వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగువారిలో చిత్రశాలల నిర్మాణానికి ఆద్యుడు మచిలీపట్నంలో జన్మించిన రఘుపతి వెంకయ్య. ఆయన 1914లో మద్రాసులో గెయిటీ థియేటరును నెలకొల్పాడు. 1921లో విజయవాడలో మారుతీ సినిమా వెలిసింది. హైదరాబాదు సంస్థానంలో వంగదేశీయుడైన ధీరేంద్రనాథ్ గంగూలీ లోటస్ ఫిలిం కంపెనీని స్థాపించి చిత్రాలు తీశాడు, ప్రదర్శించాడు. అయితే 1924లో ‘రజియా బేగం’ అనే చిత్రాన్ని ప్రదర్శించినందుకు నిజాం ప్రభుత్వం ఆగ్రహించగా, ఆయన సంస్థానాన్ని విడిచి వెళ్ళవలసివచ్చింది. జనం కరవైనందువల్లనే చిత్రశాలలు మూతపడవని ఆనాడే రుజువైంది.

1931లో ‘ఆలం ఆరా’తో మాటల చిత్రాలు ఆరంభమయ్యాయి. మరుసటి ఏడు తెలుగు ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. రెండింటినీ నిర్మించినవాడు బొంబాయిలోని అర్దేషిర్ ఇరానీయే. నిజాం పాలనలో ఉర్దూ రాజభాషగాను, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాషగాను ఉండుటచేత హిందుస్తానీ సంభాషణలు తెలంగాణ పట్టణవాసులకు పరాయివి కాలేదు. ఒక వారం తెలుగు చిత్రం, మరొక వారం హిందీ చిత్రం ఆడడం మన హాళ్ళకు సహజమైంది. రెండు భాషల వారు ఒకే తెర ఎదుట కూర్చుని, ఒకే ఘట్టానికి కంటతడి పెట్టుకొనేవారు.

చిన్న ఊళ్ళకు సినిమా మొదట డేరాలలో వచ్చింది. వాటినే టూరింగ్ టాకీసులు అనేవారు. శాశ్వత భవనం కట్టుకొన్నవారు 1955 నాటి సినిమాల క్రమబద్ధీకరణ చట్టం ప్రకారం లైసెన్సు పొందవలసి ఉండేది. ద్వారాల వెడల్పు, మెట్లు, అగ్నిమాపక సాధనాలు, యంత్రపుగది గోడలు, అన్నింటికీ నిబంధనలు ఉన్నవి. ఈ జాగ్రత్తలకు కారణం లేకపోలేదు. తొలినాటి ఫిలిము నైట్రేటుతో తయారయ్యేది. అది నిప్పు తగిలిన క్షణంలో భగ్గున మండేది. హాలులో మంటలు లేస్తే ఏమగునో 1936లో హైదరాబాదు మోతీ మహల్ ప్రమాదం చాటింది. అందులో పలువురు స్త్రీలు ప్రాణాలు కోల్పోయారు.

ఇక యంత్రపుగది సంగతి. ఫిలిము సెకనుకు 24 బొమ్మల చొప్పున దీపం ఎదుట కదులుతుంది. రెండువేల అడుగుల రీలు సుమారు 22 నిమిషాలలో ముగుస్తుంది. కనుక రెండు యంత్రాలు ఉండేవి. తెర మూలన చిన్న చుక్క కనిపించగానే ఆపరేటరు రెండవ యంత్రాన్ని నడిపేవాడు. వెలుగు కోసం రెండు కార్బన్ కడ్డీలను దగ్గరగా చేర్చి మండించేవారు. అవి కరుగుతున్నకొలదీ ముందుకు జరుపుతూ ఉండాలి. ఆపరేటరు ఏమరితే తెర చీకటయ్యేది, నేల టికెట్టు నుండి ఈలలు లేచేవి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. ఫిలిము ప్రతి ఒక్కటి ఎంతో ఖర్చుతో కూడినది. అందుచేత పంపిణీదారులు కొద్ది ప్రతులనే తీయించేవారు. సినీ వ్యాపారంలో నేటికీ తెలంగాణను ‘నైజాం’ అనే వ్యవహరిస్తారు. ఆ నైజాములో కొత్త చిత్రం ముందు పెద్ద నగరాలలో ఆడేది. అక్కడ జనం తగ్గిన తరువాత అదే ప్రతి రేకు పెట్టెలలో ‘బి’, ‘సి’ కేంద్రాలకు ప్రయాణం చేసేది. జనగామకు, మహబూబాబాదుకు రైలు ఉన్నది. రైలులేని భూపాలపల్లికి రోడ్డే ఆధారం. రీలు అరిగేది, గీతలు పడేది. అయినను రిక్షాకు మైకు కట్టి ప్రకటించగానే ఊరు కదిలేది. పట్నం వెళ్ళి చూడలేని కూలీకి, రైతుకు, ఇల్లాలికి ఆ ఆలస్యమే తగిన సమయం. హాలు యజమానికి తక్కువ అద్దెకు చిత్రం దొరికేది. చిన్న పట్టణపు సినిమాహాలు ఆలస్యం మీదనే బ్రతికినదని మా అభిప్రాయం.

ఆ ఆలస్యం క్రమంగా అంతరించింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆరంభమైంది. తరువాత వీడియో క్యాసెట్లు, 1995 నుండి తెలుగు ప్రైవేటు ఛానెళ్ళు పాత చిత్రాలను ఇంటికే తెచ్చాయి. డిజిటల్ ప్రదర్శన వచ్చాక రీలు పెట్టెలతో పని లేకపోయింది. ఒకే దినాన అన్ని ఊళ్ళలో విడుదల సాధ్యమైంది. ఇది చిన్న ఊరికి గౌరవమే. కాని రాబడి అంతయు తొలి వారంలోనే ముగిసిపోవడంతో, తక్కిన వారాలలో హాలు ఖాళీగా మిగిలింది. కరెంటు బిల్లు, జీతాలు, మరమ్మతులు మాత్రం ఆగవు. 2020లో కరోనా కారణంగా హాళ్ళు నెలల తరబడి మూతపడ్డాయి. 2024 మే 17 నుండి ప్రేక్షకులు లేరన్న కారణంతో తెలంగాణలో ఏకతెర హాళ్ళను పది దినాలు మూసివేశారు. ఊరి నడుమనున్న స్థలానికి ధర పెరిగినకొద్దీ, హాలుకన్న ఫంక్షన్‌హాలు, దుకాణాల సముదాయం లాభసాటిగా తోచడంలో ఆశ్చర్యమేమున్నది?

ఇందువల్ల పోయినది వినోదం కాదు. వినోదం ఇప్పుడు ప్రతి అరచేతిలో ఉన్నది. పోయినది కలిసి కూర్చొనే చోటు. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అన్న తేడాలు హాలులో లేకపోలేదు. కాని దీపాలు ఆరిన తరువాత అందరికీ తెర ఒక్కటే. తెలంగాణ సాయుధ పోరాటంలో అమరుడైన దొడ్డి కొమరయ్య స్వగ్రామం కడవెండి నేడు జనగామ జిల్లాలోనే ఉన్నది. ఆ పోరాటం 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రానికి కథావస్తువైంది. తమ చరిత్రను తామే తెరపై చూచుకొనుటకు సామాన్యునికి ఈ హాళ్ళే వేదికలు.

మూతపడిన హాలును తిరిగి తెరిపించడం మన చేతిలో లేదు. దాని చరిత్రను నిలపడం మాత్రం మన చేతిలో ఉన్నది. విద్యార్థులారా! మీ ఊరి పాత ఆపరేటరును, గేట్‌కీపరును, టికెట్లు చించిన వృద్ధుని కలుసుకొనండి. వారు చెప్పినది ఉర్దూలోనైనను, తెలుగులోనైనను వ్రాసి ఉంచండి. టికెట్టు ముక్క, వాల్‌పోస్టరు, లైసెన్సు కాగితం ఏది దొరికినను భద్రపరచండి. గోడ కూలిన తరువాత దానిని గురించి చెప్పగలిగేది ఆ కాగితమే.