కొలమాని మరచిపోకముందే

ధాన్యము కొలుచు కుంచముపై అనుమానము కలిగినచో, మరియొక కుంచముతో సరిచూచుట మన పల్లెలలో వాడుక. విద్యుత్తును కొలుచు మీటరును సరిచూచుటయు ఇట్టిదే. దానిని కాలిబ్రేషన్ అందురు. మరలు త్రిప్పి సర్దుటయే కాలిబ్రేషన్ అని పలువురి భ్రమ. నమ్మదగిన ప్రమాణముతో పోల్చి, ఈ మీటరు ఎంత తప్పు చూపుచున్నదో వ్రాసిపెట్టుటయే అసలు పని. సర్దుట తరువాతి మాట.

ఆ ప్రమాణమైనను కదలనిది కాదు. చిరకాలము వోల్టునకు ఆధారము పాదరసము, కాడ్మియములతో కూర్చిన వెస్టన్ ఘటము. 20 డిగ్రీల వేడిమి వద్ద అది సుమారు 1.0186 వోల్టుల నిచ్చును. 1990 జనవరి 1వ తేదీన జోసెఫ్‌సన్ ఫలితముపై ఆధారపడిన క్రొత్త విలువ అంతర్జాతీయముగా అమలులోనికి రాగా, అమెరికా వోల్టు పదిలక్షల పాళ్లలో 9 పాళ్లకు కొంచెము మించి పెరిగినది. ముందునాడు నిక్కము చెప్పిన మీటరు, తాను ఇసుమంతయు మారకయే, తెల్లవారుసరికి తప్పరి యైనది!

1989లో హ్యూలెట్ పాకార్డు సంస్థ వెలువరించిన 3458ఏ అను మీటరు ఎనిమిదిన్నర అంకెల వరకు చూపును. 10 వోల్టులు, 10 వేల ఓముల ప్రమాణములను చూపినచో, తక్కిన కొలతల దిద్దుబాట్లను తానే లెక్కగట్టుకొనును. ఆ దిద్దుబాటు అంకెలు నిలుచునది ఒక చిన్న మెమరీ చిప్పులో. వానిని కాచునది ఆ చిప్పులోనే మూసియుంచిన లిథియం బ్యాటరీ. దానికి తయారీదారు చెప్పిన ఆయువు పదేండ్లు. అది ఆరినచో మీటరు వెలుగును, అంకెలు చూపును. వానిని నమ్ముటకు మాత్రము వీలులేదు.

తరుణోపాయము మీటరు వెనుక నున్న 24 సూదుల సాకెట్టు. 1975లో ఐఈఈఈ 488 అను పేర ప్రమాణమైన ఈ దారిపై 15 పరికరముల వరకు కలుపవచ్చును. వినవలసిన పరికరములన్నియు అందుకొంటిమని తెలిపినగాని తరువాతి బైటు కదలదు. పల్లకి బోయీలలో మందగమనుని అడుగే అందరి అడుగు. వేగమునకై తొందరపడువారికి ఇది విసుగు పుట్టించును గాని, నాకు మాత్రము ముచ్చటగనే తోచును. నేడు యూఎస్‌బీ అడాప్టరుతో ఈ సాకెట్టును కంప్యూటరునకు కలిపి, చిప్పులోని అంకెల నన్నిటిని బయటకు చదువుకొనవచ్చును.

తాళపత్రము పొడి కాకముందే ప్రతి వ్రాయించుట వంటి దీ పని. సి.పి. బ్రౌను లేఖకులను పెట్టి ప్రతులు వ్రాయించినది ఇట్టి భయముతోనే. లేఖక దోష మిక్కడను పొంచియుండును. కనుక రెండుమార్లు చదివి, పాఠాంతరము లేదని తేలిన పిమ్మటనే పాత చిప్పును ఊడదీయవలెను. పిమ్మట ప్రోగ్రామర్ అను పరికరముతో ఆ అంకెలను క్రొత్త చిప్పులో నింపి, మీటరులో అమర్చి, నాలుగు గంటలు వేడెక్కనిచ్చి, 10 వోల్టుల ప్రమాణముతో మరల పోల్చవలెను.