సముద్ర గర్భమున ఉష్ణజల ఖనిజ నిక్షేపములు

వాకాడు ప్రాంతవాసులకు సముద్రము కొత్త కాదు. దుగరాజపట్టణపు పాత రేవు, తూపిలిపాళెపు పడవలు మనమెరిగినవే. తూపిలిపాళెం చేరువనే పామంజి తీరమున జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారి పరిశోధన కేంద్రము కలదు. చెన్నైలో ప్రధాన కార్యాలయము గల ఆ సంస్థ, లోతైన సాగరములలోని ఖనిజములను వెదకుటకు తగిన యంత్రములను కూడ రూపొందించుచున్నది. ఆ ఖనిజములు ఎట్లు పుట్టుచున్నవి, వాటిని తెలిసికొనుటకు సముద్రపు అడుగును ఏల తొలువవలెను అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

మహాసముద్రముల అడుగున పర్వతశ్రేణులు కలవు. అచ్చట భూమి పైపొర చీలి, క్రిందినుండి కరగిన శిల పైకి వచ్చుచుండును. పగుళ్లలోనికి ఇంకిన చల్లని సముద్రజలము ఆ వేడికి 350 డిగ్రీల సెంటీగ్రేడు వరకు, ఒక్కొక్కచోట అంతకు మించి కాగును. పైనున్న నీటి ఒత్తిడివలన అది సులభముగా ఆవిరి కాజాలదు. ఆ వేడినీరు రాళ్లలోని రాగి, జింకు, ఇనుము, కొద్దిపాటి బంగారమును కరగించుకొని పైకి చిమ్మును. చల్లని నీరు తగిలినంతనే ఆ లోహములు గంధకముతో కూడిన సల్ఫైడులుగా విడివడి, నల్లని పొగవలె కనిపించును. అవి పేరుకొని గొట్టములగును. గొట్టములు కూలి దిబ్బలగును. ఇట్టి ఉష్ణజల బిలములను 1977లో పసిఫిక్ మహాసముద్రమున గాలపాగోస్ దీవుల చెంత కనుగొనిరి. నల్లపొగ గొట్టములు 1979లో కనబడినవి. సూర్యరశ్మి సోకని ఆ చోట జీవరాశి దట్టముగా నుండుట శాస్త్రజ్ఞులను ఆశ్చర్యపరచినది.

దిబ్బపై దొరికిన రాతిముక్కను చూచి లోపలి సంపదను అంచనా వేయరాదు. నేల తడిగా నున్నంత మాత్రమున అడుగున నీరు పుష్కలమని మన రైతు నమ్మడు గదా! బోరు వేసినగాని తెలియదు. అయితే మన బోరు రాతిని పొడిచేసి పైకి నెట్టును. శాస్త్రజ్ఞుల పనిముట్టు నడుమ బోలుగా నుండుటచే రాయి స్తంభాకారమున గొట్టములో చేరును. దానిని పొరపొరగా పరీక్షింతురు. ఇందుకు వాడిన నౌకలలో జాయిడెస్ రిజల్యూషన్ ప్రసిద్ధమైనది. 1985 నుండి 2024 వరకు ఈ పరిశోధనలో నిలిచిన ఆ నౌక, లంగరు వేయక, చోదక యంత్రముల బలముతో ఒకేచోట నిలిచి, గొట్టమునకు గొట్టము తగిలించుచు కిలోమీటర్ల లోతునకు దింపెడిది. 2006లో అదే నౌక మన కృష్ణా–గోదావరి తీరమునకు వచ్చి, సముద్రగర్భమున గడ్డకట్టియున్న మీథేన్ నిక్షేపములను శోధించినది.

1994లో ఆ నౌక అట్లాంటిక్ మహాసముద్రమున ‘టాగ్’ అను దిబ్బపై 17 రంధ్రములు వేసినది. నీటి లోతు సుమారు 3,650 మీటర్లు. దిబ్బ వ్యాసము సుమారు 200 మీటర్లు. లోపల సుమారు 39 లక్షల టన్నుల సల్ఫైడులు కలవని, అందు రాగి 30,000 నుండి 60,000 టన్నులు మాత్రమేనని లెక్క తేలినది. రాగి, జింకు అధికముగా నున్నది పైపొరలోనే. లోపల ఎక్కువ భాగము ఇనుప సల్ఫైడే. మరియు అన్‌హైడ్రైటు అను కాల్షియం సల్ఫేటు విస్తారముగా కనబడినది. దిబ్బ చల్లారినపుడు అది నీటిలో కరగిపోవుటచే దిబ్బ లోలోపలే కూలును. పైపైన చూచి ఈ సంగతులను గ్రహించుట అసాధ్యము.

మన దేశమునకు ఇది దూరపు ముచ్చట కాదు. 2016లో భారత ప్రభుత్వము అంతర్జాతీయ సముద్రతల ప్రాధికార సంస్థతో ఒప్పందము చేసికొని, హిందూ మహాసముద్రమున 10,000 చదరపు కిలోమీటర్ల మేర 15 సంవత్సరములు ఈ సల్ఫైడులను అన్వేషించు హక్కు పొందినది. 2024 డిసెంబరులో మన శాస్త్రజ్ఞులు అచ్చట సుమారు 4,500 మీటర్ల లోతున సజీవమైన ఉష్ణజల బిలమును ఛాయాచిత్రము తీసిరి. అయితే ఆ హక్కు అన్వేషణకే గాని ఖనిజములను తీసి అమ్ముటకు గాదు. దిబ్బ గర్భమున నిజముగా ఎంత లోహమున్నది, దానిని కదిలించిన ఆ జీవుల గతి ఏమగును అను రెండు ప్రశ్నలకు సమాధానము దొరికిన పిమ్మటనే తరువాతి అడుగు వేయుట వివేకము.

ఆ సమాధానములను వెదకుటకు భూగర్భ శాస్త్రము, రసాయన శాస్త్రము, జీవశాస్త్రము, యంత్రవిద్య అన్నియు కావలెను. పామంజి కేంద్రము మన ఇంటి వాకిట నున్నది. కళాశాల కమిటీవారు అనుమతి పొంది విద్యార్థులను ఒకమారు అచ్చటికి కొనిపోవుదురని, మన తీరపు బిడ్డలు రేపటి పరిశోధక నౌకలలో పాలుపంచుకొందురని ఆశించుచున్నాము.